ప్లెక్టిక్స్ – పాయలన్నీ కలిపి చూసే చదువు



"ప్లెక్టిక్స్" అనే మాట మీలో చాలామంది విని ఉండరు. హాస్టల్ గ్రంథాలయం బీరువాలో ఉన్న పాత డిక్షనరీలో వెతికినా దొరక్కపోవచ్చు. పుట్టి ముప్పై ఏళ్లయినా ఈ మాట ఇంగ్లీషువాళ్లలోనే పెద్దగా వాడుకలోకి రాలేదు. అలాంటి మాట మీద వార్షికోత్సవ సంచికలో వ్యాసం ఎందుకని మీరు అడగవచ్చు. మాట అరుదైనదే కానీ, అది చెప్పే పని మనకు రోజూ అవసరమైనది. పైగా దాన్ని వివరించడానికి పనికొచ్చే ఉదాహరణల్లో ఒకటి నల్లగొండ జిల్లాది. ఇంకొకటి అచ్చంగా మనలాంటి సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లల మీద, వాళ్లు తిన్న చింతపండు మీద జరిగిన పరిశోధన. అక్కడిదాకా ఓపికగా చదవండి.

ఈ మాటను తయారుచేసినవారు ముర్రే గెల్‌మన్. 1929లో న్యూయార్క్‌లో, వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు, ఇరవై ఒకటో ఏటికల్లా డాక్టరేట్ తెచ్చుకున్నారు. ప్రోటాను, న్యూట్రాను లోపల ఇంకా చిన్న కణాలున్నాయని 1964లో ప్రతిపాదించి, వాటికి "క్వార్క్" అని పేరు పెట్టింది ఆయనే. ప్రాథమిక కణాల వర్గీకరణ మీద చేసిన కృషికి 1969లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పేర్లు పెట్టడం ఆయనకు మహా సరదా. క్వార్క్ అన్న మాటకు జేమ్స్ జాయిస్ నవలలో ఆధారం చూపించారు. 1961లో కణాలను ఎనిమిదేసి చొప్పున గుంపులు చేసిన తన పద్ధతికి బుద్ధుడి అష్టాంగ మార్గం పేరు పెట్టారు.

ఇంత పెద్ద భౌతికశాస్త్రవేత్తకు పక్షులంటే ప్రాణం, భాషలంటే ప్రాణం, పురావస్తు తవ్వకాలంటే ఆసక్తి. ఒక్క సబ్జెక్టు గోడల మధ్య ఉండలేని మనిషి. 1984లో మరికొందరితో కలిసి అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. అక్కడ ఫిజిక్స్ వాళ్లు, జీవశాస్త్రం వాళ్లు, ఆర్థికశాస్త్రం వాళ్లు, భాషాశాస్త్రం వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర జరిగే చదువుకు ఒక పేరు కావాలి కదా. చాలామంది "కాంప్లెక్సిటీ సైన్స్" అన్నారు. గెల్‌మన్‌కు అది నచ్చలేదు. జటిలత ఒక్కటే కాదు, దాని వెనకున్న సరళత కూడా ఈ చదువులో భాగమే అన్నది ఆయన వాదన. అందుకని 1990లలో "ప్లెక్టిక్స్" అనే మాటను ముందుకు తెచ్చారు. 2019లో ఆయన చనిపోయారు. మాట మాత్రం ఇప్పటికీ మూలనే ఉంది.

ఇంగ్లీషు అంటే భయపడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇక్కడ ఒక లాభం ఉంది. గ్రీకులో "ప్లెక్టోస్" అంటే అల్లినది. లాటిన్‌లో "ప్లెక్సస్" అన్నా అల్లినదే. బైపీసీ వాళ్లు నరాల అల్లికకు ప్లెక్సస్ అని చదువుకున్నారు. "కాంప్లెక్స్" అంటే కలిపి అల్లినది. "సింపుల్" అంటే ఒక్క మడత. "డూప్లికేట్" అంటే రెండు మడతలు, "మల్టిప్లై" అంటే అనేక మడతలు. "పర్‌ప్లెక్స్" అయ్యాడంటే చిక్కుపడిపోయాడని. పలుచని చెక్క పొరలు అతికించి చేస్తారు కనుక అది "ప్లై"వుడ్. ఒక్క వేరు పట్టుకుంటే ఇన్ని మాటలు చేతికొస్తాయి. విడివిడిగా బట్టీ పడితే సాయంత్రం స్టడీ అవర్ అంతా వీటికే పోతుంది.

మనకు ఈ ఊహ కొత్తేమీ కాదు. జడకు పాయలుంటాయి, మోకుకు పేటలుంటాయి. నులక మంచం బిగించడం చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. మంచం నడుమ కుంగితే నడుమ దగ్గర ఎవరూ తాడు పట్టుకోరు. కాళ్లవైపున్న తాడు బిగిస్తారు, నడుమ పైకి లేస్తుంది. కుంగింది ఒకచోట, బిగించాల్సింది మరోచోట. ఆ రెండింటినీ కలిపే తాడు ఎటునుంచి ఎటు పోయిందో తెలుసుకోవడమే ప్లెక్టిక్స్ పని.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "లోకంలో అన్నీ అన్నిటికీ ముడిపడి ఉన్నాయి" అని సభల్లో కొందరు గంభీరంగా అంటుంటారు. నా దృష్టిలో అది ఏమీ చెప్పని మాట. ఏది దేనికి ముడిపడింది, ఆ ముడి ఎంత గట్టిది, ఏది లాగితే ఏది కదులుతుంది అని చెప్పగలిగితేనే అది శాస్త్రం. గెల్‌మన్ కూడా విడి భాగాల చదువును వద్దనలేదు. భాగాలను క్షుణ్ణంగా చదివేవాళ్లు చదవాలి, వాళ్లతోపాటు మొత్తాన్ని ముతకగానైనా ఒకసారి చూసేవాళ్లు కూడా ఉండాలి అన్నారు. ఆ రెండో రకం వాళ్లు లేకపోతే ఏమవుతుందో రాబందుల కథ చెబుతుంది.

ఊళ్లో గొడ్డు చచ్చిపోతే దాన్ని ఊరవతలకు ఈడ్చుకుపోయే పని కులవ్యవస్థ మనలో చాలామంది తాతముత్తాతల నెత్తిన పెట్టింది. వాళ్లు తోలు ఒలిచి వదిలేస్తే మిగతా పని రాబందులు చేసేవి. గుంపుగా దిగాయంటే గంటలోపే ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఆ ఎముకలు ఏరి అమ్ముకుని బతికిన పేదలు ఉత్తరాదిన చాలామంది ఉండేవారు. రాబందు ఒక పారిశుద్ధ్య కార్మికుడు. జీతం లేదు, సెలవు లేదు, గౌరవం అసలే లేదు.

1990లలో ఆ రాబందులు రాలిపోవడం మొదలైంది. తెల్లనడుము రాబందు సంఖ్య 1992 నుంచి 2007 లోపల వెయ్యింట ఒక్కటి మిగిలేంతగా పడిపోయింది. మొదట అందరూ ఏదో అంటురోగం అనుకున్నారు. పక్షుల డాక్టర్లు పక్షిలోనే కారణం వెతికారు. అసలు కారణం పశువుల డాక్టరు సంచిలో ఉంది. డైక్లోఫెనాక్ అని ఒళ్లునొప్పులకు మనుషులు కూడా వాడే మందు చవకై, 1990లలో పశువులకు వాడకంలోకి వచ్చింది. ఆ మందు పడిన గొడ్డు చచ్చిపోతే, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి కొద్దిరోజుల్లో చనిపోతుంది. ఈ సంగతి పాకిస్థాన్‌లో చేసిన పరిశోధనలో తేలి, 2004లో ప్రచురితమైంది. చచ్చిన పశువుల్లో నూటికి ఒకటి కన్నా తక్కువ వాటిలో ఆ మందు ఉన్నా ఇంత నాశనానికి చాలునని లెక్కలు చెప్పాయి. ఎందుకంటే ఒక్క గొడ్డు మీద పదుల కొద్దీ రాబందులు వాలతాయి, ఒక్కో జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. చూశారా, ఒక పాయలో మందు, ఒక పాయలో పక్షి తిండి అలవాటు, ఇంకో పాయలో దాని సంతానం. మూడూ కలిపితే గాని లెక్క తేలదు.

కథ అక్కడితో ఆగలేదు. కళేబరాలు కుళ్లిపోతూ పడి ఉన్నాయి, కొన్నింటిని కాలువల్లో పారేశారు. ఊరకుక్కలు పెరిగాయి. కుక్కకాటు మందుల అమ్మకాలు పెరిగాయి. రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలనూ, మొదటినుంచీ లేని జిల్లాలనూ పోల్చి ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల మరణాల రేటు నాలుగు శాతానికి పైగా పెరిగిందని, 2000 నుంచి 2005 వరకు సుమారు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయారని వాళ్ల అంచనా. ఆవు నొప్పికి వేసిన సూది మనిషి చావుదాకా వచ్చింది.

2006లో మన దేశం పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని తేలింది, ఇప్పుడు దాన్ని వాడమంటున్నారు. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను పశువులకు వాడకుండా 2023లో ఆపారు. మన దగ్గర ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో కొన్ని రాబందులు కనిపించాయి. పోటీ పరీక్షలు రాసే అన్నలు ఈ గుట్ట పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక హాస్టల్‌లోకి వద్దాం. హాస్టల్‌లో ఉన్నవాడికి గజ్జి గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఒకడికి వస్తే వాడికి మందు పూస్తారు. తగ్గుతుంది. మూడు వారాల్లో మళ్లీ వస్తుంది. మందు మంచిది కాదంటారు, లేదా వాడు మురికివాడంటారు. రెండూ తప్పే. గజ్జి పురుగు చర్మం కింద గుడ్లు పెట్టుకుంటుంది. మొదటిసారి సోకినవాడికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే దురద లేని పక్క మంచం వాడిలో కూడా అది ఉండవచ్చు. కాబట్టి గదిలో అందరూ ఒకే రాత్రి మందు పూసుకోవాలి, దుప్పట్లు, బట్టలు మర్నాడే వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. రోగి ఒక్కడు కాదు, గది మొత్తం రోగి. ఇదీ ప్లెక్టిక్సే, పేరు తెలియకపోయినా మంచి నర్సమ్మలు ఎప్పటినుంచో చేస్తున్నదే.

ఇప్పుడు నల్లగొండ సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదటిసారి 1937లో గుర్తించింది తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన దర్శి, పొదిలి, కనిగిరి వైపు. నల్లగొండ జిల్లాలో రాళ్లలోనే ఫ్లోరైడు ఉంది. బావి ఎంత లోతుకు పోతే, నీళ్లు ఆ రాళ్లతో ఎంతకాలం నానితే అంత ఫ్లోరైడు దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఆ జిల్లాలోని ఎన్నో ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది.

ఇంతవరకు సులువైన కథే. ఒక కారణం, ఒక జబ్బు. కానీ హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970ల మొదట్లో అక్కడ కొత్త రూపం ఒకటి చూశారు. పెద్దవాళ్ల ఎముకలు బిగుసుకుంటుంటే, ఎదిగే వయసు పిల్లల కాళ్లు వంకర పోతున్నాయి. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, పాదాలు మాత్రం దూరంగా ఉంటాయి. ఫ్లోరైడు ఎముకను గట్టిపరుస్తుందని అందరూ అనుకునేది. ఈ పిల్లల కాళ్ల ఎముకలు గుల్లబారి ఉన్నాయి. 1973లో లండన్ నుంచి వచ్చే లాన్సెట్ పత్రికలో ఈ విషయం ప్రచురించారు. ఫ్లోరైడు పాతదే, వంకర కొత్తది. మరి మధ్యలో మారిందేమిటి?

మారింది నీళ్ల మట్టం అని వాళ్లు వివరించారు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. జలాశయం, కాలువల ఊటతో చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చింది, నేలలో క్షారగుణం పెరిగింది. క్షారనేలలో మొక్కలు మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. అక్కడి జనం తిండి జొన్న. ఆ జొన్నలో మాలిబ్డినం పెరిగింది. మాలిబ్డినం ఎక్కువున్న జొన్న తిన్నవాళ్ల మూత్రంలో రాగి ఎక్కువగా బయటికి పోతుందని అదే సంస్థ 1974లో చూపించింది. ఎముక లోపలి పీచును గట్టిగా అల్లడానికి శరీరానికి రాగి కావాలి. రాగి తగ్గి, ఫ్లోరైడు పెరిగి, ఎదిగే వయసు కలిస్తే ఆ కాలు శరీరం బరువు మోయలేక వంగిపోతుంది.

డ్యాం నుంచి మోకాలిదాకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. ఇంజనీరు నీళ్లు చూశాడు, వ్యవసాయాధికారి పంట చూశాడు, డాక్టరు కాలు చూశాడు. ఎవరి పని వాళ్లు చక్కగానే చేశారు. కట్టేముందు ఈ మెట్లన్నీ ఎక్కి దిగి చూడాల్సిన ఉద్యోగం మాత్రం ఎవరికీ లేదు.

డ్యాం వద్దని నేను అనడం లేదు. సాగర్ నీళ్లతో పండిన బియ్యమే మనం మెస్‌లో తిన్నాం. కాళ్ల వంకరకు ఈ ఒక్క గొలుసే కారణమని కూడా అనను. కాల్షియం కొరత ఉన్న పిల్లల్లో ఫ్లోరైడు ఎక్కువ హాని చేస్తుంది. ఒకే బావి నీళ్లు తాగే రెండు ఇళ్లు తీసుకోండి. ఒక ఇంట్లో పాడి ఉంది, పిల్లలు పాలు పెరుగు తింటారు. రెండో ఇంటివాళ్లు ఎండలో కూలికి పోయి కడుపునిండా నీళ్లు తాగుతారు, గొడ్డుకారంతో అన్నం తింటారు. ఫ్లోరైడు రెండో ఇంటికే ఎక్కువ చేరుతుంది, తట్టుకునే శక్తీ ఆ ఇంట్లోనే తక్కువ. నీటి పరీక్ష చీటీలో ఈ తేడా కనిపించదు. రెండిళ్లకూ ఒకే అంకె వస్తుంది. భూమి ఎవరికి ఉంది, గేదె ఎవరికి ఉంది అన్న పాయను కలపకుండా ఈ జబ్బు అర్థం కాదు.

ఇంకో విచిత్రం. జిల్లా గుండా కాలువ పారుతున్నా మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు మెట్టకు ఆ నీళ్లు ఎక్కలేదు. వాళ్లు ఏళ్ల తరబడి బోరునీళ్లే తాగారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నీరి అనే నాగపూర్ సంస్థ తయారుచేసి దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టింది. ఆ పేరు టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా పోయింది. పటిక రోజూ కొలిచి వేసేవాడు, ట్యాంకు కడిగేవాడు లేక మన ఊళ్లలో చాలాచోట్ల అది మూలపడింది. రసాయనం సరైనదే, దాన్ని నడిపే మనిషి జీతం ఎవరిస్తారన్న పాయ తెగిపోయింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో పైపుల్లో నదినీళ్లు ఆ ఊళ్లకు చేరాయి. పిల్లలకు అది మేలు. అప్పటికే వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిలబడవు.

మొదట్లో మాట ఇచ్చిన హాస్టల్ ప్రయోగం ఇది. మన చారును, పులుసును మనమే ఎన్ని జోకులు వేసుకున్నామో పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థవాళ్లు ఆ చింతపండునే పట్టుకున్నారు. ఒక సాంఘిక సంక్షేమ బాలుర హాస్టల్‌లో ఇరవై మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లలను ఎంచుకున్నారు, చివరిదాకా పద్దెనిమిది మంది నిలిచారు. మధ్యాహ్నం భోజనంతో రోజుకు పది గ్రాముల చింతపండు, పద్దెనిమిది రోజులు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడు కొలిచారు. చింతపండు లేనప్పుడు రోజుకు మూడున్నర మిల్లీగ్రాములు పోయింది. చింతపండు తిన్నప్పుడు 4.8 మిల్లీగ్రాములు పోయింది. 2002లో ఒక అంతర్జాతీయ వైద్య పోషకాహార పత్రికలో ఇది అచ్చయింది.

చారు తాగితే చాలు, మంచినీళ్లు అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు. లోపలికి వచ్చే ఫ్లోరైడును ఆపడం ముఖ్యం, బయటికి పంపడం దాని తర్వాత. కానీ మెస్ గిన్నెలోని పులుపుకూ, బోరులోని రాయికీ, ఎముకకూ మధ్య ఒక దారం ఉందని కొలిచి చూపించింది మన హాస్టల్ పిల్లలే. పరిశోధన పత్రాల్లో వాళ్ల పేర్లు ఉండవు. వాళ్లిప్పుడు ముప్పై దాటి ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఈ సంచిక చదువుతుంటే, ఆ పద్దెనిమిది రోజుల సంగతి వచ్చే సంచికకు రాసి పంపమని కోరుతున్నాను.